పవర్ పాప్ వినాలంటే ముందు ఎవరి గడప తొక్కాలి?

మా మేనల్లుడు విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. శని, ఆదివారాలు విజయనగరం వస్తాడు. వాడి చెవుల్లో ఎప్పుడూ గిటార్లు గర్జిస్తూ ఉంటాయి. ఒక్కో పాట తొమ్మిదేసి నిమిషాలు. అందులో పల్లవి ఎక్కడుందో వెతుక్కోవడానికే నాకు సగం పాట పడుతుంది. ఒక ఆదివారం నేను వింటున్న పాట విని, "మావయ్యా, ఇదేమిటి, మరీ చిన్నపిల్లల పాటలా ఉంది" అన్నాడు. కాసేపటికి అదే వరుస ఈల వేసుకుంటూ మెట్లు దిగాడు. నేను విననట్టే ఊరుకున్నాను.

మరుసటి వారం వాడే అడిగాడు, ఈ పవర్ పాప్ తరహా పాటలు వినాలంటే ఎవరితో మొదలుపెట్టాలి అని. తెలిసినవాళ్లను ఎవరినడిగినా సాధారణంగా ఒకటే జవాబు చెబుతారు: బిగ్ స్టార్. ఆ బృందం అంటే నాకూ ప్రాణమే. కానీ మొదటి వినికిడికి వాళ్లను అంటగట్టడం, ఆవకాయ రుచి తెలియనివాడికి మూడేళ్ల పాత జాడీ మూత తీసి పెట్టడం లాంటిది. మా వాడికి నేను చెప్పిన వరుస వేరు. అది ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

ముందు పేరు సంగతి. 'పవర్ పాప్' అన్న మాటను 1967లో ద హూ బృందం గిటారిస్టు పీట్ టౌన్షెండ్ తమ పాటల గురించి చెబుతూ వాడాడు. ఆ తరువాత నాలుగైదేళ్లకు రాక్ సంగీతానికి పెద్దరికం వచ్చేసింది. రికార్డులో ఒక పక్క మొత్తం ఒకే పాట, దాని నిండా తత్వం, దాని మీద వ్యాఖ్యానం. సరిగ్గా ఆ రోజుల్లోనే కొందరు కుర్రాళ్లు మాకు ఇవన్నీ వద్దు, బీటిల్స్ 1964లో పాడిన లాంటి పాటలే కావాలని మొండికేశారు. తీపి వరుస, దాని కింద గట్టిగా మోగే గిటారు, ఇద్దరు ముగ్గురు కలిసి పాడే గొంతులు, మధ్యలో చప్పట్లు, మూడు నిమిషాల్లో మంగళం. పాటలో విషయం చాలావరకు ఒకటే. అబ్బాయికి అమ్మాయి నచ్చింది, అమ్మాయి పలకలేదు.

మన చెవికి ఇందులో కొత్త ఏమిటి, పాత ఏమిటి అన్నది తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. వరుస మనకు కొత్త కాదు. పాశ్చాత్యుల మేజర్ స్కేలులో ఉన్నవి మన శంకరాభరణం స్వరాలే. ఈ పాటల్లో చాలా భాగం ఆ స్వరాల చుట్టూనే తిరుగుతాయి. పల్లవి కూడా మనకు అలవాటైనదే. వాళ్లు హుక్ అనేది మన సినిమా పాటలో పల్లవి చేసే పనినే చేస్తుంది, కాకపోతే ఇక్కడ తొందర ఎక్కువ, మొదటి నిమిషంలోనే వచ్చి కూర్చుంటుంది. కొత్త అంతా ఆ వరుస కింద ఉంది. మన కచేరీలో అందరూ ఒకే స్వరం మీద నిలబడతారు. ఇక్కడ ఒకడు షడ్జమం పాడుతుంటే పక్కవాడు గాంధారం, ఇంకొకడు పంచమం పట్టుకుంటాడు. ఆ మూడూ కలిసి గిటారు కార్డు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తి, మీద వాలినప్పుడు పుట్టే మెరుపు కోసమే ఈ సంగీతం వినేవాళ్లం వింటున్నాం.

లయ మాత్రం మన వైపు వాళ్లకు పరాయిది కానే కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తప్పెటగుళ్లు చూసినవారికి తెలుసు. గుండెల మీద రేకు గుల్లలు కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, గెంతుతూ పాడతారు. అక్కడ వాయించేవాడు, పాడేవాడు, ఆడేవాడు వేరు వేరు మనుషులు కారు. ఒక్క అడుగు కూడా మేధావుల మెప్పు కోసం వేసింది కాదు. గిటారు మెడలో వేసుకుని గెంతుతూ పాడే కుర్రాళ్లను చూసినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చేది అదే.

ఇక మా ఇంటి పరీక్ష. మాది అక్క ఇంటి మేడ మీద వాటా. వంట కింద. నా స్పీకరు మెట్ల దగ్గర. ఉదయం అక్క మిక్సీలో అల్లం పచ్చడి రుబ్బుతున్నప్పుడు ఆ మోతలోంచి కూడా పాట వరుస తెలియాలి. తెలిస్తే అది మంచి పవర్ పాప్ పాట. నవ్వుకోండి, కానీ ఇది కొలమానమే. కారు రేడియోలో, చిన్న ట్రాన్సిస్టర్‌లో, గోల మధ్య వినడానికి పుట్టిన సంగీతం ఇది. నిశ్శబ్దమైన గదిలో కళ్లు మూసుకుంటేనే బాగుండే పాట గొప్పది కావచ్చు, ఈ కోవలోకి మాత్రం రాదు.

ఈ పరీక్షలో అందరికంటే ముందు నిలిచినవాళ్లు చీప్ ట్రిక్. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్ అనే ఊరి నుంచి వచ్చిన నలుగురు. ఇద్దరు సినిమా హీరోల్లా ఉంటారు, మిగతా ఇద్దరు వాళ్ల లెక్కలు చూసే గుమాస్తాల్లా ఉంటారు. గిటారిస్టు రిక్ నీల్సన్ టోపీ పెట్టుకుని, ఒకే ఒంటికి అయిదు మెడలున్న గిటారు వేసుకుని వస్తాడు. అంత గిటారు ఎందుకని అడిగితే సంగీతపరమైన జవాబేమీ ఉండదు, చూడటానికి సరదాగా ఉంటుందంతే. స్వదేశంలో వాళ్లను పట్టించుకున్నవారు తక్కువ. జపానులో మాత్రం పిల్లలు పిచ్చెక్కిపోయారు. 1978 ఏప్రిల్‌లో టోక్యోలో బుడోకాన్ అనే పెద్ద హాలులో చేసిన కచేరీలను జపాను వాళ్ల కోసమని రికార్డు వేస్తే, అది దిగుమతి సరుకుగా అమెరికా చేరింది. గిరాకీ చూసి 1979లో అక్కడా విడుదల చేశారు. వాళ్ల జాతకం మారింది ఆ రికార్డుతోనే.

ఇక్కడ ఒక పోలిక చూడండి, ఇదే నా వాదనకు ఆయువుపట్టు. 'ఐ వాంట్ యూ టు వాంట్ మీ' అన్న పాట 1977లో స్టూడియోలో చేసినప్పుడు పియానోతో, తీరిగ్గా, కాస్త వెటకారంగా నడుస్తుంది. తప్పు పట్టలేం, గుర్తూ పెట్టుకోలేం. అదే పాట బుడోకాన్‌లో వేగం పెంచుకుని, గిటార్లు ముందుకు వచ్చి, వేల గొంతులు ఒక్కో మాటకు బదులు అరుస్తుంటే ఇంకో పాట అయిపోయింది. బుర్రకథలో వంతవాళ్లు లేకుండా కథకుడు ఒక్కడే చెబితే ఎలా ఉంటుందో స్టూడియో పాట అలా ఉంది. బుడోకాన్‌లో వంత దొరికింది. రెండూ ఒకదాని తరువాత ఒకటి వినండి. ఈ సంగీతానికి ఏం కావాలో ఆరేడు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఆ రికార్డులోనే 'సరెండర్' ఉంది. అమ్మానాన్నలు ఛాదస్తులని అనుకుంటున్న కుర్రాడు ఒక రాత్రి లేచి చూస్తే, వాళ్లు తన రికార్డులే పెట్టుకుని వింటుంటారు. ఇంతే కథ. ఒకరోజు ఇది మోగుతుండగా కింద మిక్సీ ఠక్కున ఆగింది. అక్క మెట్ల దగ్గరికి వచ్చి తల పైకెత్తింది. మా అక్క పెళ్లికి ముందు మహారాజా సంగీత కళాశాలలో మూడేళ్లు గాత్రం నేర్చుకుంది. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షుడిగా ఉండి, ఘంటసాల చదువుకున్న కళాశాల అది. ఆ చదువు ఊరికే పోదు.

"ఒరేయ్, వీళ్ల శ్రుతి జారిందా, జరిపారా?"

"జరిపారక్కా. ఒక స్వరస్థానం పైకి."

"పాట మధ్యలోనా? శ్రోతకు చెప్పకుండానా?"

"అదే సరదా."

ఆమె ఏమీ అనకుండా వెళ్లి మళ్లీ మిక్సీ వేసింది. ఆ సాయంత్రం దీపం పెడుతూ, ఇంగ్లీషు మాట ఒక్కటీ లేకుండా, ఆ పల్లవి స్వరాలతో కూనిరాగం తీయడం నేను విన్నాను. శ్రుతి కూడా సరిగ్గా అక్కడే జరిపింది. అందుకని, ఒక్కటే వినడానికి తీరిక ఉంటే బుడోకాన్ వినండి. పది పాటలు, 40 నిమిషాల పైచిలుకు. కచేరీ మొత్తం చేర్చి 1998లో వేసిన పెద్ద రికార్డు కూడా ఉంది. అది మీకు బాగా నచ్చాక తెచ్చుకోవలసినది, ముందే వద్దు.

రెండో గడప రాస్ప్‌బెరీస్. ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్ వాళ్లు. 1972లో తోటివాళ్లంతా జుట్టు విరబోసుకుని తిరుగుతుంటే వీళ్లు ఒకే రకం సూట్లు తొడుక్కుని వేదిక ఎక్కారు. మొదటి రికార్డు అట్ట మీద గీకితే రాస్ప్‌బెరీ పండు వాసన వచ్చే చీటీ అతికించారు. ఇంతకంటే భేషజం లేని పని ఏముంటుంది! 'గో ఆల్ ద వే' మొదట్లో గిటారు ఇల్లు కూలినట్టు మోగుతుంది. పది పదిహేను సెకన్లకే గాయకుడు ఎరిక్ కార్మెన్ గొంతు వెన్నలా దిగుతుంది. పవర్ ఒక చెంచా, పాప్ ఒక చెంచా, కలపకుండా పక్కపక్కన పెట్టి చూపించిన పాట అది. మాటల అర్థం పెద్దవాళ్ల ముందు అడగకండి. 1974 నాటి 'ఓవర్‌నైట్ సెన్సేషన్' ఇంకా ముద్దుగా ఉంటుంది. తన పాట రేడియోలో రావాలని ఒక కుర్రాడు కలగంటుంటే, మధ్యలో పాట మోతే సన్నబడి చిన్న రేడియోలోంచి వస్తున్నట్టు అయిపోతుంది. చిన్నప్పుడు ట్రాన్సిస్టర్‌ను చెవికి ఆనించుకుని విన్నవాళ్లకు ఆ క్షణం వివరించనక్కర్లేదు.

రాస్ప్‌బెరీసా, బ్యాడ్‌ఫింగరా అని తేల్చుకోలేనివారు చాలామంది ఉంటారు. బ్యాడ్‌ఫింగర్ బ్రిటన్ వాళ్లు, బీటిల్స్ సొంత రికార్డుల సంస్థ ఆపిల్‌కు పాడారు. 1970 నాటి 'నో మ్యాటర్ వాట్', ఆ తరువాతి 'బేబీ బ్లూ' రెండూ కొలిచి కోసినట్టు ఉంటాయి. పనితనంలో వీళ్లే ఒక మెట్టు పైన అంటాను. కానీ ఆ బృందంలో పాటలు రాసినవారిలో ఇద్దరు, పీట్ హ్యామ్ 1975లో, టామ్ ఎవాన్స్ 1983లో, డబ్బు వ్యవహారాల చిక్కుల్లో పడి ప్రాణాలు తీసుకున్నారు. అది తెలిశాక ఆ సరదా పాటలు విన్నప్పుడల్లా గొంతులో ఏదో అడ్డుపడుతుంది. కొత్తగా వినేవాళ్లకు ఆ బరువు ఎందుకు? ముందు రాస్ప్‌బెరీస్ వినండి.

ఇప్పుడు బిగ్ స్టార్. మెంఫిస్ నగరం. 1972లో తెచ్చిన మొదటి రికార్డుకు 'నంబర్ వన్ రికార్డ్' అని పేరు పెట్టుకున్నారు. పంపిణీ సరిగా జరగక అది దుకాణాలకే చేరలేదు. విన్న కొద్దిమంది మెచ్చుకున్నారు, కొందామని వెళ్తే దొరకలేదు. ఇందులో ముఖ్యుడు అలెక్స్ చిల్టన్ అంతకుముందే పదహారేళ్ల వయసులో బాక్స్ టాప్స్ బృందంతో 1967లో 'ద లెటర్' పాడి అమెరికాలో మొదటి స్థానం చూసినవాడు. ఇంకొకడు క్రిస్ బెల్, మొదటి రికార్డు తరువాత తప్పుకున్నాడు, 1978 డిసెంబరులో ఇరవై ఏడేళ్లకే కారు ప్రమాదంలో పోయాడు. 1974లో వచ్చిన రెండో రికార్డు 'రేడియో సిటీ'లో 'సెప్టెంబర్ గర్ల్స్' ఉంది. మూడు నిమిషాలు నిండకుండా ముగిసిపోయే ఈ పాటలో గిటారు గాజుల గలగలలా ఉంటుంది, పాడేవాడి మనసు మాత్రం అప్పుడే పగిలి ఉంటుంది.

అందుకే దీన్ని మొదట పెట్టవద్దంటున్నాను. మిక్సీ పరీక్షలో బిగ్ స్టార్ నిలవలేదు. వరుస వినిపించింది, కానీ అందులోని అసలు సరుకు, ఆ గొంతులోని జీర, వెనక ఇంకో గిటారు వేసే చిన్న వంపు, మోతలో కలిసిపోయాయి. అదే బిగ్ స్టార్‌ను రాత్రిపూట ఇంటికి చేరే బస్సులో, కిటికీ పక్కన, ఇయర్‌ఫోన్లతో వినండి. నేను వారానికి ఒకసారైనా పని మీద శ్రీకాకుళం వెళ్లి వస్తాను. తిరుగు ప్రయాణంలో లైట్లు ఆర్పేసిన బస్సులో 'థర్టీన్' వింటే, బడి నుంచి ఇంటిదాకా నీతో నడవనిస్తావా అని అడిగే ఆ పిల్లవాడు నా పక్క సీటులోనే కూర్చున్నట్టు ఉంటుంది. డప్పు లేదు, మోత లేదు, రెండు గిటార్లు. అయితే ఈ స్థితికి చేరడానికి ముందు ఈ సంగీతంలోని సంబరం తెలిసి ఉండాలి. పండుగ చూసినవాడికే పందిరి విప్పేసిన వీధి బోసిగా కనిపిస్తుంది. వాళ్ల మూడో రికార్డు జోలికి ఇప్పట్లో పోవద్దు.

ఇంగ్లీషు మాటలు అర్థమైతేనే పాట వినగలిగే మనిషి మీరైతే పైన చెప్పిందంతా పక్కన పెట్టి ఫౌంటెన్స్ ఆఫ్ వేన్ వినండి. న్యూజెర్సీలోని వేన్ అనే ఊళ్లో తోట బొమ్మలు అమ్మే దుకాణం పేరునే బృందానికి పెట్టుకున్నారు. వీళ్ల పాటల్లో మనుషులు మనకు తెలిసినవాళ్లే. తాగి తిరుగుతూ రేపటి నుంచి బాగుపడతాననుకునే సేల్స్ ఉద్యోగి, చిన్న ఊళ్లో ఉండిపోయి సినిమాతార అయిన తోటి విద్యార్థినిని తలచుకునేవాడు, పై అధికారి సతాయింపు భరించి సాయంత్రం ఇంటికి చేరేవాడు. ఈ చివరివాడిది 'హే జూలీ'. పగలంతా దస్త్రాల మధ్య గడిపే నాలాంటివాడికి అది పాట కాదు, నెలవారీ నివేదిక. ఇవన్నీ 2003 నాటి 'వెల్కమ్ ఇంటర్‌స్టేట్ మేనేజర్స్' రికార్డులో ఉన్నాయి. మొదటి రికార్డు 1996లోనే వచ్చినా, గ్రామీ అవార్డుల వాళ్లు వీళ్లను 2004లో ఉత్తమ నూతన కళాకారుల వరుసలో పోటీకి నిలబెట్టారు! ఆ బృందంలో ఆడమ్ ష్లెసింజర్ 2020 ఏప్రిల్ 1న కోవిడ్‌తో పోయాడు. 1964 నాటి ఒక కల్పిత బృందం కోసం సినిమావాళ్లు అచ్చం ఆ కాలపు పాట కావాలని అడిగితే 'దట్ థింగ్ యూ డూ' కట్టింది అతడే. ఒకే పాట సినిమాలో పదే పదే వినిపించినా విసుగు రాకుండా కట్టడం ఎంత కష్టమో సినిమా పాటల మధ్య పెరిగిన మనకు తెలియనిది కాదు.

ఆడపిల్లల గొంతులు లేవా అని మా మేనకోడలు నిలదీసింది. ఉన్నాయి. గో-గోస్. అయిదుగురు, వాద్యాలు వాళ్లవే, పాటలు వాళ్లవే. 1981 నాటి 'బ్యూటీ అండ్ ద బీట్' మరుసటి ఏడాది అమెరికా ఆల్బముల పట్టికలో మొదటి స్థానంలో ఆరు వారాలు కూర్చుంది. తామే రాసుకుని తామే వాయించుకునే మహిళా బృందానికి ఆ స్థానం దక్కడం అదే మొదలు. మిక్సీ పరీక్షలో చీప్ ట్రిక్ తరువాత స్థానం వీళ్లదే. నిజానికి మా మేనకోడలి లెక్కలో మొదటి స్థానమే.

నాక్ అనే బృందం సంగతి ఒక్క ముక్కలో ముగిస్తాను. 'మై షరోనా' 1979లో ఆరు వారాలు అమెరికాను ఏలింది. ఆ డప్పు దరువు వింటే కాలు ఆగదు. ఆ ఒక్క పాట వినండి, మిగతా రికార్డులో అమ్మాయిల గురించి వాళ్లు మాట్లాడే తీరు నాకు రుచించలేదు. వీజర్ బృందం మొదటి రికార్డు, 1994, నేటి పిల్లల చెవికి దగ్గరగా ఉంటుంది. దాన్ని తీర్చిదిద్దినవాడు కార్స్ బృందం రిక్ ఒకాసెక్. గిటారు మోత ఎక్కువ కావాలనే మా మేనల్లుడిలాంటి వాళ్లకు ఇది మంచి వంతెన. స్కాట్లాండ్ నుంచి టీనేజ్ ఫ్యాన్‌క్లబ్ బృందం, వాళ్ల 1991 నాటి రికార్డు 'బ్యాండ్‌వాగనెస్క్'. వాన పట్టిన రోజు కోసం దాచుకోండి.

ఒక జాగ్రత్త. ఫోనులో ఈ పాటలు వెతికితే ఒకే పాటకు నాలుగైదు రూపాలు వస్తాయి. పాత బృందాలు కొన్ని వయసు మీద పడ్డాక తమ పాటలనే మళ్లీ పాడి ఎక్కిస్తాయి, పేరు అదే, అట్ట బొమ్మ కూడా దగ్గర దగ్గరగా ఉంటుంది. ఇరవై ఏళ్ల కుర్రాడి తొందర అరవై ఏళ్ల గొంతులో ఉండదు. నేను ఒకసారి అలా మోసపోయి, ఇంత పేరున్న పాట ఇంత చప్పగా ఉందేమిటని ఒక బృందాన్ని ఏడాది పాటు పక్కన పెట్టేశాను. పాట కింద ఏడాది, ఆల్బము పేరు చూసుకోండి. అలాగే, 'ఉత్తమ పవర్ పాప్ వంద పాటలు' లాంటి మూటలు ఒకేసారి విప్పకండి. నాలుగో పాటకే నోరు తీపెక్కిపోతుంది. రోజుకు రెండు, మూడు చాలు, పొద్దున్న వంట వేళ అయితే ఇంకా మంచిది. స్పీకరు చిన్నదైనా ఫరవాలేదు, దూరంగా పెట్టండి.

మా వాడు బుడోకాన్‌తో మొదలుపెట్టాడు. మూడు వారాలకు వీజర్ దగ్గర ఆగాడు, ఇంకా కదలడం లేదు. బిగ్ స్టార్ మాట ఇప్పటిదాకా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అక్క మాత్రం మొన్న పచ్చడి రుబ్బబోతూ మెట్ల దగ్గరికి వచ్చి, "శ్రుతి జరిపేవాళ్లది పెట్టరా, కాస్త గట్టిగా" అంది.